పాజ్ నొక్కి గీసిన గీత పరుగు కిందికి వస్తుందా?

కాలిగీత:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న, ఇవాళ అడిగేస్తున్నా. మ్యాప్ మీద బొమ్మ వచ్చేలా రూట్ వేసుకుని ఊళ్ళో పరిగెత్తడం నాకు మూడేళ్ళ నుంచీ అలవాటు. పరుగు అయ్యాక జీపీఎస్ వాచ్‌లో పడిన ట్రాక్, అంటే మనం పోయిన దారి గీత, తెరిచి చూస్తే ఏనుగో చేపో కనిపించాలి, అదీ దీని ఆనందం. ఈమధ్య ఒక పద్ధతి బాగా పెరిగింది. బొమ్మలో ఒకచోట గీత కావాలి కానీ అక్కడ రోడ్డు లేదు అనుకోండి, అక్కడిదాకా వచ్చి వాచ్ పాజ్ చేసి, చుట్టూ తిరిగి అవతలి వైపుకి పోయి మళ్ళీ స్టార్ట్ నొక్కుతారు. యాప్ ఆ రెండు పాయింట్లనీ సూటిగా కలిపేస్తుంది. ఇళ్ళ మీంచి, చెరువు మీంచి, స్కేలు పెట్టి గీసినట్టు గీత పడిపోతుంది.

నా ఉద్దేశంలో అది పరుగుతో గీసిన బొమ్మ కాదు.

ఎందుకు ఇంత పట్టింపు అంటారా, మొన్న నేనొక కొంగ బొమ్మ వేశా. రూట్ వెతకడానికే ఆరు వారాలు పట్టింది, రోజూ రాత్రి మ్యాప్ ముందు కూర్చుని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఒకరోజు తలకిందులుగా పెడితే కొంగ మెడ కనిపించింది, అచ్చం అలాగే వంపు తిరిగిన రోడ్డు. కాళ్ళకి పక్కపక్కనే రెండు సన్న వీధులు. ముక్కు దగ్గరే ఆగిపోయా. ముక్కు కింద గీత రావాల్సిన చోట పొడుగాటి ప్రహరీ గోడ, లోపలికి దారి లేదు. పాజ్ నొక్కితే పని అయిపోయేది. నొక్కలేదు, పై గీత మీదే కొసదాకా పోయి అదే రోడ్డున వెనక్కొచ్చా. ముక్కు గడ్డిపోచలాగా ఒంటి గీతగా మిగిలింది. అయినా 14 కిలోమీటర్ల ఆ ట్రాక్‌లో నా కాలు పడని గీత ఒక్కటీ లేదు. పాజ్ గీతలతో వేసిన బొమ్మనీ దీన్నీ ఒకే పేరుతో పిలవడం నాకు సమంజసం అనిపించట్లేదు. మీరేమంటారు?

చిత్రలేఖ:
కాలిగీత గారూ, మీ కొంగ చూశా, మెడ నిజంగా చాలా బాగుంది. కానీ మీ మాటతో ఏకీభవించలేను. బొమ్మ గీసేవాళ్ళు ఎవరైనా చెయ్యి ఎత్తుతారు కదా? కాగితం మీద ఒక గీత అయ్యాక పెన్సిల్ లేపి ఇంకోచోట పెడితే దాన్ని మోసం అంటామా? కెనడాలో విక్టోరియా నగరంలో సైకిల్ మీద పెద్ద పెద్ద బొమ్మలు గీసిన స్టీఫెన్ లండ్ ఉన్నాడు, ఒకచోట జీపీఎస్ ఆపేసి ఇంకోచోట ఆన్ చేస్తే సూటి గీత వస్తుందని, తను అలా వాడతానని వేదికెక్కి దాచకుండా చెప్పాడు. టొరంటోలో డంకన్ మెక్కేబ్ 2024లో ఏం చేశాడో చాలామంది చూసే ఉంటారు, పది నెలలపాటు 121 పరుగులు, ఒక్కో పరుగు ఒక్కో ఫ్రేము, అన్నీ కలిపి ఆడిస్తే గీతల మనిషి డాన్స్ చేస్తాడు. అప్పుడూ కొందరు భవనాల మీంచి గీతలు ఎలా పోయాయి అని మొదలుపెట్టారు. ఆయన పరిగెత్తింది వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అంత దూరం పరిగెత్తిన మనిషిని పట్టుకుని నువ్వు గీసింది పరుగు బొమ్మ కాదు అనడానికి నాకైతే నోరు రాదు.

మ్యాప్‌పిచ్చి:
ఇక్కడ టెక్నికల్‌గా ఒక సంగతి చెప్పాలి. వాచ్ ఎప్పుడూ గీత గీయదు. చుక్కలు పెడుతుంది, అంతే. మామూలుగా సెకనుకి ఒక చుక్క. మీరు కిలోమీటరు ఆరు నిమిషాల పేస్‌లో పోతుంటే చుక్కకీ చుక్కకీ మధ్య దాదాపు 2.8 మీటర్లు ఖాళీ, ఆ ఖాళీని సూటి గీతతో కలిపేది యాప్. అంటే మీ కొంగ మెడ కూడా వేల చిన్న చిన్న సూటి గీతలే. కొన్ని వాచ్‌లలో బ్యాటరీ ఆదా కోసం స్మార్ట్ రికార్డింగ్ అని ఉంటుంది, అందులో దిశ మారినప్పుడో వేగం మారినప్పుడో మాత్రమే చుక్క పెడుతుంది, అప్పుడు ఖాళీలు ఇంకా పెద్దవి. సొరంగంలోకి దూరితే సిగ్నల్ పోయి, బయటికొచ్చాక పాజ్ గీత లాంటిదే పడుతుంది. మరి దాన్ని ఏమంటారు?

ఇంకోటి, ఈ సరదా మొత్తం 2000 మే నెల పుణ్యం. అప్పటిదాకా అమెరికా వాళ్ళు మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టి వదిలేవాళ్ళు, స్థానం 100 మీటర్ల దాకా తప్పొచ్చేది. ఆ నెల మొదట్లో దాన్ని ఆపేశారు. 100 మీటర్లు తప్పే సిగ్నల్‌తో మీ కొంగ రెండు కాళ్ళూ కలగాపులగం అయిపోయేవి. ఇప్పుడు కూడా ఎత్తైన భవనాల మధ్య సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి ట్రాక్ పక్క వీధిలోకి జారుతుంది. మీరు పరిగెత్తని చోట గీత పడటం పాజ్ లేకపోయినా జరుగుతూనే ఉంది.

కాలిగీత:
మ్యాప్‌పిచ్చి గారూ, లెక్క ఒప్పుకుంటా. కానీ ఆ 2.8 మీటర్ల ఖాళీలో నా కాళ్ళు ఉన్నాయి, సొరంగంలోనూ ఉన్నాయి, సిగ్నల్ జారినప్పుడు పక్క వీధిలో ఉన్నాయి. వాచ్ సరిగ్గా పట్టుకోలేదు, అది దాని లోపం. పాజ్ గీతలో మాత్రం నేను అసలు లేను. నేను ఇంకెక్కడో నడుస్తున్నా, ఆ నడిచింది బొమ్మలో కనపడకుండా దాచేశా. లోపానికీ దాచడానికీ తేడా లేదా?

చిత్రలేఖ గారూ, కాగితం మీద చెయ్యి ఎత్తితే గీత ఆగిపోతుంది, ఖాళీ ఖాళీగానే ఉంటుంది. పాజ్ నొక్కితే అక్కడే కొత్త గీత పుడుతుంది. రెండూ ఒకటెలా అవుతాయి?

మలుపురాణి:
ఆ చివరి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నేను పాజ్ వాడను, కానీ నా కారణం వేరు, నిజాయితీ గొడవ కాదు. చెయ్యి ఎత్తకుండా గీయడంలోనే దీని కిటుకు అంతా ఉంది. 1736లో ఆయిలర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు ఏడు వంతెనల చిక్కు (ఏడింటినీ ఒక్కొక్కసారే దాటి తిరిగి రాగలమా అన్నది) విప్పినప్పుడు చెప్పింది మనకి రోజూ పనికొస్తుంది. బొమ్మలో గీతలు కలిసే ప్రతి కూడలి దగ్గరా ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టండి. బేసి సంఖ్య వచ్చే కూడళ్ళు అసలు లేకపోయినా, రెండే ఉన్నా, ఏ రోడ్డూ రెండోసారి తొక్కకుండా మొత్తం గీయొచ్చు. నాలుగు ఉంటే కుదరదు. పెట్టె గీసి లోపల మూల నుంచి ఎదురు మూలకి రెండు గీతలు పెడితే నాలుగు మూలలూ బేసి, గీయలేరు. దాని మీద పైకప్పు పెట్టి ఇల్లు చేయండి, బేసి మూలలు కింద రెండే మిగుల్తాయి, ఒకదాని దగ్గర మొదలుపెడితే రెండోదాని దగ్గర తేలతారు. నేను రూట్ వేసేటప్పుడు పెన్సిల్‌తో కూడళ్ళ పక్కన 3, 4, 3 అని రాసుకుంటా. బేసివి ఎక్కువైతే ఎక్కడ వెనక్కి రావాలో అక్కడే తెలిసిపోతుంది.

పాజ్ నొక్కితే ఈ ఆలోచన మొత్తం అక్కర్లేదు. ఏ బొమ్మయినా ఏ ఊళ్ళోనైనా పడుతుంది. మరి ఊరితో పనేముంది? శాన్‌ఫ్రాన్సిస్కోలో లెన్నీ మాన్ అనే రన్నర్ మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో ముఖం గీశాడు, దాదాపు 46 కిలోమీటర్లు, మారథాన్ కన్నా ఎక్కువ, అదీ కొండల ఊళ్ళో. ఆ ముఖాన్ని ఇంకో ఊళ్ళో గీయాలంటే అక్కడి వీధుల్లో మళ్ళీ మొదటి నుంచీ వెతుక్కోవాల్సిందే. ఆ బొమ్మ విలువ అంతా నా దృష్టిలో అదే.

నిదానపరుగు:
ఇందాకటి నుంచి చదువుతున్నా, సేఫ్టీ గురించి ఎవరూ మాట్లాడకపోవడం బాధగా ఉంది. నాకు జరిగింది చెప్తా. తెల్లవారక ముందు, గుర్రం బొమ్మ, తోక దగ్గర మ్యాప్‌లో రోడ్డు ఉంది, తీరా పోతే రాత్రికి రాత్రి తవ్వేసి రేకులు అడ్డం పెట్టారు. అప్పటికి 11 కిలోమీటర్లు అయ్యాయి, ఇక్కడ వదిలేస్తే తోక లేని గుర్రం, మనసొప్పక రేకుల పక్క సందులోంచి దూరా. మట్టి జారి మోకాలి దాకా గుంటలోకి పోయింది కాలు, ఒక చేత్తో రేకు పట్టుకుని, ఇంకో చేతిలో ఫోను, దాని వెలుగులో కింద ఇనుప చువ్వలు కనిపించాయి. నా అరికాలికి జానెడు దూరంలో. ఆ వెలుగు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆ రోజు నుంచీ నాకు పాజ్ బటన్ అంటే గౌరవం. ఒక్క గీత కోసం గోడలు దూకేవాళ్ళు, రోడ్డు మధ్యలో ఫోన్ చూసుకుంటూ అడ్డంగా దాటేవాళ్ళు మనలో లేరా? "ప్రతి మీటరూ పరిగెత్తాల్సిందే" అని రూలు పెడితే కొత్తగా వచ్చే పిల్లలు అలాంటి పనులే చేస్తారండీ.

సైకిల్‌చక్రం:
నిదానపరుగు అన్నా, జాగ్రత్త. నువ్వు చెప్పింది చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది.

నా మాట ఏంటంటే ఇది పేరు గొడవ. జపాన్‌లో యసుషి తకహాషి దేశమంతా తిరిగి పెళ్ళి ప్రపోజల్ అక్షరాలు గీశాడు, 7,163 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. కారు, ఓడ, సైకిల్, కాలినడక, అన్నీ కలిపి. అది పరుగు అని ఎవరూ అనలేదు, జీపీఎస్ డ్రాయింగ్ అన్నారు, అందరం మెచ్చుకున్నాం. ఇంగ్లండ్‌లో జెరెమీ వుడ్ 2010లో వార్విక్ యూనివర్సిటీ క్యాంపస్ మొత్తాన్నీ నడిచి గీశాడు, 17 రోజులు, 238 మైళ్ళు, మన లెక్కలో 383 కిలోమీటర్లు. ఆయన వీలైనంతవరకూ రోడ్లనీ బాటలనీ వదిలేసి నడిచాడు. మలుపురాణి గారూ, వీధులే బొమ్మకి విలువ అంటే మరి ఆయన్ని ఎక్కడ పెడతారు?

మలుపురాణి:
సైకిల్‌చక్రం గారూ, ఆయన రోడ్లు వదిలేసినా నేలని వదల్లేదు కదా. గడ్డిలో, చెట్ల మధ్య, ఎక్కడికి పోతే అక్కడి అడ్డంకులకి తగ్గట్టు తిరిగాడు. నేను వీధులు అన్నది పొరపాటు, నేల అనాల్సింది. సరిదిద్దుకుంటున్నా.

మ్యాప్‌పిచ్చి:
పేరు గొడవ మాత్రమే కాదు సైకిల్‌చక్రం గారూ, లెక్క గొడవ కూడా. పాజ్ గీత దూరాన్ని కొన్నిచోట్ల మొత్తంలో కలుపుతారు, కొన్నిచోట్ల కలపరు. నా ట్రాక్‌లోనే వాచ్ ఒక సంఖ్య, అప్‌లోడ్ చేశాక సైట్ ఇంకో సంఖ్య చూపించింది. పాజ్‌లో టైమ్ ఆగిపోయి దూరం మాత్రం కలిస్తే పేస్ ఎక్కడికో పోతుంది, యాప్‌లో నెలనెలా పెట్టే చాలెంజ్‌లో చెమటోడ్చి పరిగెత్తినవాళ్ళు కిందికి పోతారు. బొమ్మ ఎలా గీసినా నాకు అభ్యంతరం లేదు, పాజ్ గీతలున్న ట్రాక్‌ని మాత్రం లీడర్‌బోర్డుల్లోంచి, అంటే ఎవరు ముందున్నారో చూపించే పట్టికల్లోంచి, తీసేసి పెట్టండి. దీని మీద నేను గట్టిగా ఉన్నా.

చిత్రలేఖ:
అది న్యాయమే, దానికి ఒప్పుకుంటా. ఎన్ని పాజ్ గీతలున్నాయో బొమ్మ కింద రాయడానికి కూడా నాకు ఇబ్బంది లేదు, నేను ఎప్పుడూ దాచలేదు.

కానీ కాలిగీత గారూ, ఒక్కటి అడుగుతా. మీరు పాజ్‌తో ఒక్క బొమ్మయినా గీశారా? గీయకుండానే అది వేరే అంటున్నారేమో అనిపిస్తోంది. అదే కొంగని, ముక్కు దగ్గర పాజ్ పెట్టి, ఒక్కసారి పరిగెత్తి చూడండి. ఆ తర్వాత మీరేమన్నా వింటా.

కాలిగీత:
న్యాయమైన మాట. ఈ ఆదివారం పోతా.

నిదానపరుగు గారూ, మీరు చెప్పింది చదివాక నా మొదటి పోస్టులో ఒకటి తప్పనిపించింది. దారి మూసేసి ఉంటే బొమ్మ వదిలేయాలి, అది ముందే రాయాల్సింది. తోక లేని గుర్రాన్ని అలాగే పోస్ట్ చేసినా మేమంతా సంతోషంగా చూసేవాళ్ళం.

కాలిగీత:
ఆదివారం పోయొచ్చా. చెప్పినట్టే ముక్కు మొదట్లో పాజ్ నొక్కా. గోడ చుట్టూ తిరిగి అవతలికి పోవడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. తమాషా ఏంటంటే ఆ తొమ్మిది నిమిషాలే ఆ రోజు పరుగులో బాగా గుర్తున్నవి. గోడ వెనక నాకు తెలియని సన్న బాట ఉంది, రెండు పక్కలా గుబురు చెట్లు, చివర నాలుగు మెట్లు, మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ "రోజూ వస్తావా?" అని అడిగారు. లేదండీ మొదటిసారి అన్నా. ఆ బాట ఏదీ ట్రాక్‌లో లేదు. ఇంటికొచ్చి చూస్తే ముక్కు కత్తిలా సూటిగా వచ్చింది, కొంగ ఇంతకుముందుకన్నా చాలా బాగుంది, అది కాదనను. కానీ ఆ గీత మీద వేలు పెట్టి చూస్తే నాకు ఏమీ గుర్తురాలేదు. మెడ మీద వేలు పెడితే ఎక్కడ ఆయాసం వచ్చిందో కూడా చెప్పగలను.

చిత్రలేఖ:
మీరు నిజంగా వెళ్ళి చేసినందుకు చాలా థ్యాంక్స్. నా అభిప్రాయం మారలేదు, నాకు బొమ్మ చూసేవాళ్ళ కళ్ళు ముఖ్యం, మీకు గీసిన కాళ్ళు ముఖ్యం. నా తర్వాతి పులి బొమ్మలో మీసాలకి మూడు పాజ్ గీతలున్నాయి, కింద రాసి పెడతా.

మలుపురాణి:
కాలిగీత గారూ ఒక్క నిమిషం. ఆ గోడ వెనక బాట మెట్ల దాకా పోతుందన్నారు కదా, ఆ మెట్లు దిగితే ముక్కు కొస రోడ్డే కదా వచ్చేది? నేను ఇప్పుడే మ్యాప్‌లో చూశా, ఆ బాట అందులో లేదు కానీ శాటిలైట్ ఫొటోలో చెట్ల మధ్య సన్నగా కనిపిస్తోంది. అది మీ ముక్కు కింద గీత అవుతుంది. కొంచెం కిందికి వంగి ఉంటుంది, కానీ కొంగ ముక్కు అలా ఉన్నా బాగానే ఉంటుంది. చెట్ల కింద సిగ్నల్ చెదురుతుంది కాబట్టి స్మార్ట్ రికార్డింగ్ తీసేసి ప్రతి సెకనుకీ పెట్టుకోండి, మనం ఆగితే వాచ్ తనంతట తనే ఆగే ఆటో పాజ్ కూడా ఆపేయండి, మెట్ల దగ్గర మాత్రం ఆగి నిలబడకండి, నిలబడితే అక్కడ ట్రాక్ దారం ఉండలాగా చిక్కుపడుతుంది.

కాలిగీత:
అవునండీ, అదే రోడ్డు! పక్కనే పెట్టుకుని ఇన్నాళ్ళూ చూడలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ పోతున్నా, ఈసారి పాజ్ లేకుండా.