పసిబిడ్డను పక్కలో పడుకోబెట్టుకోవచ్చా, విడి మంచమే మేలా?

అడిగినవారు:
మా పాపకు రెండు నెలలు. రాత్రి పాలిచ్చి చిన్న మంచంలో పడుకోబెట్టగానే లేచి ఏడుస్తోంది. పక్కలో పడుకోబెట్టుకుంటే ప్రమాదమని కొందరు, అది అనవసర భయమని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

మొదటి సమాధానం:
పక్కలో వద్దు. నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల్లో అత్యధికులు 6 నెలల లోపువారే; 2 నుంచి 4 నెలల మధ్య ప్రమాదం మరీ ఎక్కువ. పెద్దల పరుపు మెత్తదనానికి బిడ్డ ముఖం అందులో కూరుకుపోవచ్చు, దిండో దుప్పటో ముక్కుకు అడ్డుపడితే తొలగించుకునే శక్తి ఆ వయసులో ఉండదు. తల్లిదండ్రుల గదిలోనే, కాని వేరే మంచం మీద, కనీసం 6 నెలలు పడుకోబెట్టడం మంచిదని అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022లో కూడా చెప్పింది.

రెండవ సమాధానం:
ఈ వాస్తవాలను నేను కాదనను. పోలిక దగ్గరే నా అభ్యంతరం. విడి మంచమా, పక్కా అని మనం తీరికగా తూకం వేస్తున్నాము గాని, తెల్లవారుజామున 3 గంటలకు నిద్రకు ఆగలేని తల్లి, పక్కలోకి తీసుకోకూడదన్న భయంతోనే సోఫాలో కూర్చుని పాలిస్తూ అక్కడే కునుకు తీస్తుంది, బిడ్డ ఆమె ఒంటికీ సోఫా మెత్తలకూ మధ్య జారి ఊపిరాడక ఇరుక్కుపోతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు అదే. పాలిస్తూ నిద్రపోయే అవకాశం ఉంటే సోఫా కంటే, దిండ్లూ దుప్పట్లూ తీసేసిన పెద్దల మంచమే తక్కువ ప్రమాదమని మీరు పేర్కొన్న సూచనల్లోనే ఉంది. అయితే ఈ వెసులుబాటు అందరికీ లేదు. బిడ్డ నెలలు నిండకుండా గాని, 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో గాని పుట్టినా, తల్లిదండ్రుల్లో ఎవరైనా పొగ తాగినా, మద్యం గాని మగత కలిగించే మందులు గాని తీసుకున్నా పక్కలో పడుకోబెట్టుకోనే కూడదు. బ్రిటన్‌లో 2021లో వచ్చిన ప్రసవానంతర సంరక్షణ మార్గదర్శకాలు కూడా తల్లిదండ్రులతో ఇవన్నీ విడమరచి మాట్లాడమనే వైద్య సిబ్బందికి చెబుతున్నాయి.

మొదటి సమాధానమిచ్చినవారు:
సోఫా విషయం ఒప్పుకుంటున్నాను. కాని తక్కువ ప్రమాదమంటే ప్రమాదం లేదని కాదు. మెలకువ రాగానే పాపను తన మంచంలోకి మార్చండి. ఎక్కడైనా వెల్లకిలానే పడుకోబెట్టండి. అమెరికాలో 1994లో ఈ ఒక్క మాటను విస్తృతంగా ప్రచారం చేశాక ఇలాంటి మరణాలు కొన్నేళ్లలోనే దాదాపు సగానికి తగ్గాయి.

అడిగినవారు:
పాప నెలలు నిండి, 3 కిలోలతో పుట్టింది. ఇంట్లో ఎవరూ పొగ తాగరు. అయితే ఇన్నాళ్లూ మంచం మీద నిద్రపడుతుందేమోనన్న భయంతో సోఫాలోనే పాలిస్తున్నాను. ఈ రాత్రి నుంచి అది మానేస్తాను.