అప్‌డేట్: గ్వాంగ్‌జౌ నిత్యజీవితం గురించి నేను అడిగిన ప్రశ్న

ఉద్యోగరీత్యా చైనాలోని గ్వాంగ్‌జౌకు వెళ్లబోతూ, అక్కడ శాకాహారికి రోజు ఎలా గడుస్తుందని అడిగినప్పుడు ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మన కార్డులతో అక్కడ చెల్లింపులు కుదరవేమోనని కొందరు వ్యక్తం చేసిన భయం నిజం కాలేదు; ఫోన్‌తో డబ్బు చెల్లించే చైనా యాప్ అలీపేకు మన బ్యాంకు కార్డును జతచేశాక, కూరగాయల దుకాణంలో సైతం క్యూఆర్ కోడ్‌తోనే చెల్లిస్తున్నాను.

భోజనమే అసలు కష్టం. మాంసం వద్దని చెప్పి తెప్పించుకున్న ఉడికిన ఆకుకూర మీద కూడా నల్లగా మెరిసే ఆయిస్టర్ సాస్ (ఆల్చిప్పల సారంతో చేసే చిక్కటి ద్రవం) పోసి ఇస్తారు, ఎందుకంటే వారి లెక్కలో అది మాంసం కాదు. బౌద్ధాలయాల సమీపంలోని శాకాహార భోజనశాలలే నాకు ఆధారం.

వాట్సాప్ పనిచేయక అమ్మతో మాట్లాడటానికి పడే అవస్థ, విదేశీయులకు గది ఇవ్వలేమని ఒక హోటల్ వారు రాత్రివేళ తిప్పి పంపడం నన్ను నిజంగా బాధించాయి. అయినా, సాయంత్రం కాగానే బహిరంగ స్థలాల్లో స్పీకర్ పెట్టుకుని వరుసలు కట్టి నృత్యం చేసే పెద్ద వయసు స్త్రీలను, పొద్దుపోయాక కూడా నిశ్చింతగా ఒంటరిగా ఇంటికి నడిచి వెళ్లే అమ్మాయిలను చూసినప్పుడు, ఈ భద్రత మన హైదరాబాదులోనూ, విజయవాడలోనూ ఉండాలని గాఢంగా అనిపిస్తుంది. పై అంతస్తులోని వృద్ధ దంపతులు నా జీతమెంతో నిస్సంకోచంగా అడిగారు. మరునాడు లీచీ పండ్లు తెచ్చి ఇచ్చారు. ఇక్కడి ఉద్యోగ ఒప్పందాన్ని పొడిగించుకోవాలనే నిర్ణయించుకున్నాను.