షుగర్ పుండుకు నానోఫైబర్ కట్టు: ఎవరైనా చూశారా, వాడారా?

కోవూరు అమ్మాయి:
మా నాయనకు పన్నెండేళ్లుగా షుగర్. నాట్లప్పుడు చెప్పుల్లేకుండా మడిలో దిగితే బొటనవేలి కింద ఏదో గుచ్చుకుంది. స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియలేదు. గడప మీద నెత్తురు మరక చూసి నేనే కాలు పట్టి చూశాను. రెండు నెలలైనా మానలేదు. కట్టు విప్పేటప్పుడల్లా గాజ్ గుడ్డతో పాటు కొత్త చర్మమూ ఊడొస్తోంది. అతి సన్నటి దారాల పొరతో చేసే నానోఫైబర్ కట్టు అతుక్కోదంటున్నారు, నిజమేనా?

ఒంగోలు ఫార్మసీ:
అక్కా, ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టు ఇదే. సిరంజిలో పాలిమర్ ద్రావణం పోసి, సూదికి 10,000 వోల్టులు దాటి ఇస్తాం. మొనన ఉన్న చుక్క సాగి సన్నటి ధారవుతుంది. గాల్లోనే ఆరిపోయి, ఎదురుగా ఉన్న అల్యూమినియం రేకు మీద దారంగా పడుతుంది. గంటల తరబడి పడితే పలుచటి తెల్లపొర. ఆ దారం వెంట్రుక కన్నా వంద రెట్లు సన్నం. చర్మంలో కణాలు పట్టుకుని పాకే కొల్లాజెన్ అల్లికను పోలి ఉంటుంది, అదే దీని బలం. గాలి ఆడుతుంది, బ్యాక్టీరియా దూరడం కష్టం.

కైటోసాన్ అనే పాలిమర్ ఒక్కటే పెడితే నాకు దారం రాలేదు, చుక్కలుగా చిమ్మింది. పీవీఏ అనే, నీళ్లలో కరిగే ఇంకో పాలిమర్ కలిపాక వచ్చింది. తీరా నీళ్లలో వేస్తే పొర కరిగిపోయింది! పుండులో ఎప్పుడూ రసి ఉంటుంది కదా, అక్కడ నిలవాలంటే క్రాస్‌లింకింగ్ చేయాలి, అంటే పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి ముడివేయాలి. దానికి వాడిన గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం మిగిలితే కణాలకు విషం. అది కడిగి పోగొట్టడానికే ఎక్కువ రోజులు పట్టింది. నావన్నీ ల్యాబ్ పరీక్షలే, మనిషి మీద చేయలేదు.

ముత్తుకూరు రొయ్యల రైతు:
కైటోసాన్ అంటే మన రొయ్య పొట్టులోదేనా తమ్ముడూ?

ఒంగోలు ఫార్మసీ:
అదేనన్నా. పొట్టులో సున్నాన్ని ఆసిడ్‌తో, ప్రోటీన్‌ను క్షారంతో తీసేస్తే కైటిన్ మిగులుతుంది. దాన్ని గాఢ క్షారంలో వేడి చేస్తే కైటోసాన్. దాని ధనావేశానికి ఎర్ర రక్తకణాలు అతుక్కుని నెత్తురు ఆగుతుంది. రొయ్యలు పడనివాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి.

సింగరాయకొండ:
మా అమ్మకు ఆన్‌లైన్‌లో నానో కట్టు తెప్పించాం. లోపల చీముందని తెలియక ఐదు రోజులు మూసి ఉంచాం. వేలు తీసేయాల్సి వచ్చింది. డాక్టరుకు చూపించకుండా ఏదీ అంటించకండమ్మా.

కావలి నర్సు:
అమ్మాయ్, పద్దెనిమిదేళ్లుగా డ్రెస్సింగ్ గదిలోనే ఉన్నాను. ఏ కట్టన్నది తర్వాతి మాట. కాలికి రక్తం సరిగ్గా పోతోందా, చీము ఎముక దాకా వెళ్లిందా, ముందు అవి చూపించు. పుండు మీద బరువు పడుతుంటే ఏ కట్టూ మాన్పలేదు. ఎండితేనే మానుతుందని గాలికి వదిలేసి పౌడరు చల్లుతారు, అది మానిపించండి. తడి ఆరకుండా కప్పిన గాయం మీదే చర్మం త్వరగా పాకుతుందని 1962లోనే జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసి చూపించారు. గాజ్ అతుక్కుంటే సెలైన్‌తో బాగా తడిపి, కాసేపు ఆగి తీయండి. అతుక్కోని పారఫిన్ గాజ్ మందుల షాపులో దొరుకుతుంది, డాక్టరును అడిగి వాడండి.

కోవూరు అమ్మాయి:
నిన్న నెల్లూరు తీసుకెళ్లాం. రక్తం బాగానే పోతోందట, ఎముకకు పాకలేదట. పుండు దగ్గర ఆనకుండా చెప్పు చేయించమన్నారు, పారఫిన్ గాజ్ రాశారు. నాయన మాత్రం కోతలకు దిగుతానంటున్నాడు. లోపల కుట్లు తగలని, మడిలోకి వేసుకునే మెత్తటి బూట్లు ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.