టోర్నడో జాగ్రత్తలు మన తుఫానుకు పనికొస్తాయా? కింద గదిలో దాక్కోవాలా, ఇల్లు వదిలి పోవాలా?

తుమ్మలపెంట అబ్బాయి:
మా బంధువుల గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. పెనుగాలి వచ్చేటప్పుడు ఇంట్లో అన్నిటికంటే కింద, కిటికీలు లేని చిన్న గదిలో కూర్చోవాలంట, బాత్రూమ్ అయితే ఇంకా మంచిదంట, తలమీద పరుపు కప్పుకోవాలంట, ఒత్తిడికి ఇల్లు పగలకుండా కిటికీలు కాస్త తెరిచి పెట్టాలంట. అమ్మానాన్న ఉండేది తుమ్మలపెంట దగ్గర, సముద్రానికి కిలోమీటరు లోపే. ఒక్క అంతస్తు స్లాబు ఇల్లు. నాన్న అది విని "ఇంట్లోనే ఉండమని చెబుతున్నారుగా, ఇంక షెల్టర్‌కి పోయేదెందుకు" అని మొండికేశాడు. ఏం చెప్పి ఒప్పించాలి?

ఒంగోలు టు డాలస్:
తమ్ముడూ, ఆ మెసేజ్‌లో ఉండేది టోర్నడో (నేలను తాకే పెద్ద సుడిగాలి) జాగ్రత్తలు. మాకిక్కడ టెక్సస్‌లో సైరన్ మోగాక చాలాసార్లు పది పదిహేను నిమిషాలే చేతిలో ఉంటాయి, ఎక్కడికీ పోలేం, అందుకే ఇంటి మధ్య గదిలో దూరతాం. పిల్లలకు బైక్ హెల్మెట్లు కూడా పెడతాం, ఎందుకంటే ఎక్కువమందికి దెబ్బలు తగిలేది ఎగిరొచ్చే చెక్కలు, రేకుల వల్లే. 2013లో ఓక్లహోమాలోని మూర్ ఊరి మీదుగా పోయిన టోర్నడో గాలి గంటకు 320 కిలోమీటర్లు దాటింది, అయినా ఏ ఇంటి మీదైనా అది ఉండేది కాసేపే. మన తుఫాను గంటల తరబడి కొడుతుంది, వెనకాలే సముద్రాన్ని తెస్తుంది. ఇంకోటి, కిటికీలు తెరవమనడం టోర్నడోకి కూడా తప్పే. గాలి లోపలికి దూరి పైకప్పును కింద నుంచి ఎత్తేస్తుంది. అన్నీ గట్టిగా మూయాలి.

కావలి పాతకాపు:
నేను ఒప్పుకోను. 1989 నవంబరులో తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది, అప్పుడు నేను ఇక్కడే ఉన్నా. రేకులు కత్తుల్లాగా ఎగిరాయి, చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. మేమంతా స్లాబు ఇంట్లో నడిమి గదిలో తలుపులకు బల్లలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాం కాబట్టే బతికాం. ఆ గాలిలో ముసలోళ్లను షెల్టర్‌కి బయలుదేరదీస్తే దోవలోనే పోతారు. నాన్నగారు చెప్పేది కరెక్టే.

కొత్తపట్నం టీచరమ్మ:
అన్నా, మీది కావలి టౌను, వాళ్లది సముద్రం ఒడ్డు. మీకు గాలితోనే పోరు, వాళ్లకు గాలీ ఉప్పెనా రెండూ. 1977 నవంబరు 19న దివిసీమలో పోయిన వేలమందిలో ఎక్కువమందిని ముంచింది నీళ్లే. ఉప్పెన వచ్చేచోట ఒక్క అంతస్తు ఇంట్లో బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని కూర్చుంటే, నీళ్లు తలుపును అవతలి నుంచి నొక్కేస్తాయి, ఇంక తెరుచుకోదు. టోర్నడోకి కిందికి దిగాలి, ఉప్పెనకు నీటికి దూరంగా, ఎత్తుకు పోవాలి. ఒకటి రెండోదానికి పూర్తిగా ఎదురు.

మీరన్నట్టు గాలిలో బయలుదేరకూడదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ గాలి మొదలయ్యేదాకా ఎవరు ఆగమన్నారు? వాతావరణ శాఖ 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇస్తుంది. ఎండగా ఉన్నప్పుడే కదలాలి. ఇంకో మాట, మన తీరంలో తుఫాను పడమరకు పోతూ ఒడ్డెక్కితే కేంద్రానికి ఉత్తరం వైపు గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. కాబట్టి "నెల్లూరు దగ్గర తీరం దాటుతుందంట, మనకేం కాదు" అని నెల్లూరుకు ఉత్తరాన ఉండే తుమ్మలపెంట వాళ్లు అస్సలు అనుకోకూడదు.

కావలి పాతకాపు:
ఎండలోనే పోవడానికైతే నాకు అడ్డం లేదమ్మా. నా భయమంతా చివరి నిమిషం పరుగుల గురించే. టౌనులో మిద్దె ఉన్నోళ్లు మటుకు నడిమి గదిలోనే ఉండండి. మధ్యలో గాలి టక్కున ఆగిపోతే అయిపోయిందని బయటికి రావద్దు, అది తుఫాను కన్ను, కాసేపటికి అవతలి దిక్కు నుంచి మళ్లీ అంత జోరుగా కొడుతుంది. పైన వాటర్ ట్యాంకు నిండుగా పెట్టుకోండి, ఖాళీదైతే ఎగిరిపోతుంది.

రొయ్యల గుంట దగ్గర:
మీరంతా మనుషుల గురించే చెబుతున్నారు. పెద్దోళ్లు కదలనిది మెసేజ్ చూసి కాదు, గేదెల కోసం, ఇంట్లో సామాన్లు పోతాయని. షెల్టర్‌లో గేదెలకు చోటేదీ? దానికి దారి చెప్పకుండా "పో పో" అంటే ఎవరు పోతారు?

కొత్తపట్నం టీచరమ్మ:
అది న్యాయమైన మాట. ముందురోజే మెరక మీదికి తోలుకుపోవాలి. అది కుదరకపోతే పలుపులు విప్పి వదిలేయండి, కట్టేసిన గేదె నీళ్లలో మునిగిపోతుంది, విప్పితే ఈదుకుంటూనైనా పోతుంది. పాస్‌బుక్కులు, ఆధార్, మందులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి వెంట తీసుకుపోండి. సిలిండర్, మెయిన్ స్విచ్ ఆపేసి తాళం వేయండి.

తుమ్మలపెంట అబ్బాయి:
అక్కా, షెల్టర్ మాటెత్తితే నాన్న వినడు. కావలిలో పిన్ని వాళ్ల మిద్దె ఉంది, గేదెలను పక్క ఊళ్లో మామ దొడ్డికి తోలతామంటే వింటాడు అనుకుంటా. వార్నింగ్ దాకా ఆగను, అలర్ట్ రోజే నేనే పోయి తీసుకొస్తా.

రొయ్యల గుంట దగ్గర:
మామ దొడ్డి మెరక మీదేనా? ఏరు పొంగే వైపైతే వద్దు. ముందు అది చూడు తమ్ముడూ.