పెద్దమ్మకు లేత రంగుల బొకే: ఏ పూలు బాగుంటాయి?

హన్మకొండ అమ్మాయి: అమ్మ పోయిన తరువాత నన్ను పెంచిన పెద్దమ్మ ఈ సెప్టెంబరు నెలాఖరున ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె కట్టే చీరలన్నీ లేత గులాబీ, గంధం, మీగడ రంగులవే కనుక ఆ రంగుల్లోనే బొకే ఇవ్వాలని ఉంది. ఏ పూలు కలపాలి, పరకాల దాకా బస్సులో వాడకుండా ఎలా తీసుకెళ్లాలి?

కాజీపేట అన్న: ముందు రంగెక్కించిన పూలతో జాగ్రత్తగా ఉండండి. మా చెల్లెలి సీమంతానికి లేత నీలం చామంతులు కొన్నాను. తెల్ల చామంతి కాడలను రంగునీళ్లలో నిలిపితే రేకులకు ఆ రంగు ఎక్కుతుందని నాకప్పుడు తెలియదు, అమ్మినవారూ చెప్పలేదు. కాడల నుంచి కారిన నీళ్లతో ఆమె పట్టుచీర పాడైంది.

మండపాల అలంకరణ: పదిహేనేళ్లుగా పెళ్లి మండపాలకు పూలు కడుతున్నాను, నా మాట వినండి. లేత గులాబీలు, మీగడ రంగు కార్నేషన్లు, వాటి నడుమ జిప్సోఫిలా అనే చిన్న చిన్న తెల్ల పూలు చాలు. లిల్లీలు పెడితే విచ్చగానే లోపలి పుప్పొడి తిత్తులను గిల్లివేయాలి, లేకపోతే బట్టలకు మరకలు పడతాయి. కార్నేషన్లను మగ్గిన అరటిపండ్ల దగ్గర ఉంచకండి. పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు అవి ముడుచుకుపోతాయి.

పరకాల కోడలు: చెలకల్లో విరగబూసిన గునుగు ఎవరికీ గుర్తురాలేదా? బతుకమ్మ కోసం రంగులద్దక ముందు ఆ కంకి వెండి తెలుపులో, కొనకు లేత గులాబీ ఛాయతో ఉంటుంది. పెద్దమ్మ గారి చీరల రంగు అదే కదా!

మండపాల అలంకరణ: అది చేలో కలుపు మొక్క. పదవీ విరమణ సభలో అలాంటి పువ్వు చేతిలో పెడితే ఖర్చుకు వెనకాడారని అనుకుంటారు.

పరకాల కోడలు: తొమ్మిది రోజులు మనం చేతులెత్తి మొక్కే పువ్వును కలుపు అనడానికి మీకు నోరెలా వచ్చింది? మా అమ్మ పొద్దున్నే చెలకకు వెళ్లి ఒడినిండా కోసుకొచ్చేది. కొన్న పూలకే విలువ ఉంటుందా?

ములుగు రోడ్డు మాస్టారు: ఇద్దరూ శాంతించండి. చేలో అది కలుపేనన్న మాట నిజమే, అయినా అందులో అవమానమేమీ లేదు. నా అభ్యంతరం వేరు: గౌరమ్మకు పెట్టే పువ్వును సభలో బల్ల మీద వదిలేస్తే నా మనసు ఒప్పుకోదు.

పరకాల కోడలు: గులాబీలను గుడిలోనూ పెడతాం, పెళ్లిలోనూ ఇస్తాం కదా మాస్టారూ. పైగా గునుగు ఎండినా రేకులు రాల్చదు. గులాబీలు వాడిపోయాక కూడా ఆ కంకులు పెద్దమ్మ గారి దగ్గర మిగులుతాయి.

హన్మకొండ అమ్మాయి: ఆ చివరి మాటతో నా సందేహం తీరింది. గులాబీల మధ్య గునుగు పెట్టిస్తాను. బస్సు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మండపాల అలంకరణ: కాడల కొనలను ఏటవాలుగా కోసి, తడి దూది చుట్టి, దానిపై ప్లాస్టిక్ కవరు కట్టండి. కిటికీ పక్కన ఎండలో కూర్చోకండి. గునుగును నేను కట్టను గానీ, మీరు తెస్తే గులాబీల మధ్య ఎలా అమర్చాలో చూపిస్తాను.