‘చెప్పుట’యా, ‘విప్పుట’యా? (బైబిలు, పేతురు రెండవ పత్రిక 1:20)

అరండల్‌పేట: మా అమ్మమ్మ నోట విన్న వాక్యం ఒకటి వారం రోజులుగా నన్ను వదలడం లేదు. “ఒకడు తన ఊహనుబట్టి విప్పుటవలన…” అని మొదలై, “పుట్టదని” దగ్గర ఆగేది. మధ్యలో ఏముందో చిన్నప్పుడు పట్టించుకోలేదు. అమ్మమ్మ లూథరన్, అంటే ప్రొటెస్టంటు. ఆమె తమ్ముడు, నాకు తాతయ్య వరస, పెళ్లయ్యాక ఆర్‌సీఎంలో (రోమన్ కాథలిక్ సంఘంలో) కలిశారు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడల్లా ఇద్దరికీ ఈ వాక్యం మీదే వాదన. “చూశావా అక్కా, ఎవరికి వాళ్లు అర్థం చెప్పుకోకూడదని పేతురే రాశాడు” అనేవారు తాతయ్య. అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి, అదే వాక్యాన్ని ‘పుట్టదని’ ఒత్తి పలుకుతూ మళ్లీ చదివేది. ఇప్పుడు నా బైబిలులో చూస్తే ‘చెప్పుటవలన’ అని ఉంది. నా చెవిలో ఉన్నది మాత్రం ‘విప్పుట’. పాత ముద్రణల్లో అలా ఉండేదా?

సామర్లకోట: “ఒకడు తన ఊహనుబట్టి చెప్పుటవలన లేఖనములో ఏ ప్రవచనమును పుట్టదని మొదట గ్రహించుకొనవలెను.” నేను చూసిన ప్రతులన్నిటిలోనూ ‘చెప్పుట’యే. అయినా మీ అమ్మమ్మగారు ఒత్తి పలికిన చోటే అసలు సంగతి ఉంది. పేతురు ప్రవచనం ఎలా పుట్టిందో చెబుతున్నాడు, దాన్ని ఎవరు చదవాలో కాదు. తరువాతి వచనం ‘ఏలయనగా’ అని మొదలై, అది మనుష్యుని ఇచ్ఛనుబట్టి కలగలేదంటుంది. ఊహ, ఇచ్ఛ రెండూ ప్రవక్తవే. మీ తాతయ్యగారి వాదానికి ఇక్కడ చోటు లేదు.

ఏలూరు: చోటు లేకుండా చేసింది పేతురు కాదండీ, అనువాదకులు. గ్రీకులో ఉన్నది ‘ఎపిలూసిస్’. అంటే వివరణ, అర్థం విడదీయడం. లాటిన్ బైబిలు దానిని ‘ఇంటర్‌ప్రెటాసియో’ అంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు కూడా ‘సొంత వ్యాఖ్యానం’ అనే అర్థమిచ్చే మాటే వాడింది. మన తెలుగులో ఆ ‘వివరణ’ అన్న మాట ఏమైంది? ‘ఊహ’లో కొంత, ‘చెప్పుట’లో కొంత కలిసిపోయింది. పైగా అదే పత్రిక 3:16లో పౌలు పత్రికలలో గ్రహించడానికి కష్టమైన సంగతులున్నాయనీ, విద్యావిహీనులు వాటిని అపార్థం చేస్తారనీ పేతురే అంటాడు. చదివేవాడి గొడవ ఆయన మనసులో లేదని ఎలా అంటాం?

గ్రీకు విద్యార్థి: ‘ఎపిలూసిస్’ కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. దాని క్రియ మాత్రం రెండుసార్లు ఉంది. మార్కు 4:34లో యేసు శిష్యులకు ఉపమానాలను ‘విశదపరచెను’. అపొస్తలుల కార్యములు 19:39లో తగాదా క్రమమైన సభలో ‘పరిష్కారమగును’. ఒకే క్రియ, ఒకచోట గురువు శిష్యుల మధ్య, ఇంకోచోట సభలో. రెండు పక్షాలకూ చెరొక ఆధారం! ధాతువుకు అర్థం వదులు చేయడం, కట్టు సడలించడం. అరండల్‌పేట గారూ, ‘విప్పుట’ పొరపాటు జ్ఞాపకమే అయినా గ్రీకుకు అంత దగ్గరి తెలుగు మాట మరొకటి నాకు తోచడం లేదు.

విశ్రాంత పంతులు: పొడుపుకథ ‘విప్పడం’ మనకు ఉన్నదే కదా. పొడిచేవాడు ఒకడు, విప్పేవాడు మరొకడు. దానియేలు 5:12లో ‘కఠినమైన ప్రశ్నలకు ఉత్తరమిచ్చుట’ అని తెలుగులో ఉన్నచోట, అరమయికులో మాటకు మాట ‘ముడులు విప్పుట’. అయితే ‘చెప్పుట’ను తక్కువ చేయకండి. ఆదికాండము 40:8లో యోసేపు చెరసాలలో కలల గురించి ఏమంటాడు? “భావములు చెప్పుట దేవుని అధీనమే గదా.” అక్కడ చెప్పుట అంటే విప్పుటే. ఈనాటికీ పల్లెలో ‘ఈ ఆదివారం వాక్యం ఎవరు చెబుతారు?’ అని అడుగుతాం. చదవడం వేరు, చెప్పడం వేరు. ఒక్క ‘చెప్పు’లో ఉచ్చారణా ఉంది, వ్యాఖ్యానమూ ఉంది. అనువాదకులు తూకం వేసి పెట్టిన మాట అది.

సామర్లకోట: తూకం బాగుంది. ‘వలన’ను ఏం చేస్తారు? చెప్పుట వలన పుట్టదు. వ్యాఖ్యాత చెప్పడం వలన ప్రవచనం పుట్టే ప్రసక్తే లేదు, అది అప్పటికే పుట్టి ఉంది. కాబట్టి ఆ ‘ఒకడు’ ప్రవక్తే. తెలుగు వ్యాకరణమే తేల్చింది.

విశ్రాంత పంతులు: ఒప్పుకుంటాను, ఒక సవరణతో. ప్రవక్త కూడా విప్పేవాడే. ఐగుప్తు రాజు ఫరో కల కన్నాడు, యోసేపు విప్పాడు. యిర్మీయా బాదం చువ్వను చూశాడు, దాని భావం దేవుడే చెప్పాడు. చూసినదానికి తనంతట తాను అర్థం కట్టి ప్రవచనమనలేదని పేతురు మాట. ‘విప్పుటవలన పుట్టదు’ అన్నా వాక్యం చక్కగా నిలుస్తుంది. అమ్మమ్మగారు తెలిసే మార్చుకున్నారేమో!

తర్కసంగ్రహం: ‘ఊహ’ను అందరూ దాటిపోయారు. వేదకర్మల అర్థం తేల్చే మీమాంసా శాస్త్రంలో ఊహ అంటే కల్పన కాదు. ఒక యాగంలోని మంత్రాన్ని మరో యాగానికి తీసుకెళ్లినప్పుడు సందర్భానికి తగ్గట్టు పదం మార్చడం, ‘అగ్నయే’ ఉన్నచోట ‘సూర్యాయ’ అనడం. దానికీ నియమాలున్నాయి, ఎవరికి తోచినట్టు వారు మార్చరాదు. వచనంలో ‘తన’ అన్న రెండక్షరాలు ఆ హద్దునే గుర్తుచేస్తున్నాయి.

సామర్లకోట: అనువాదకుల మనసులో మీమాంస ఉందని నేను నమ్మను. ఆదికాండము 6:5 చూడండి: హృదయపు తలంపులలోని ‘ఊహ’ అంతా చెడ్డదని. తెలుగు బైబిలు చదివేవాడికి ఊహ అంటే ముందు గుర్తొచ్చేది అదే.

భాగవతప్రియ: నాకు 21వ వచనం దగ్గరే ప్రాణం ఆగుతుంది: “మనుష్యులు పరిశుద్ధాత్మవలన ప్రేరేపింపబడినవారై దేవుని మూలముగ పలికిరి.” ‘పలికిరి’ అనగానే పోతన రాకుండా ఉంటాడా? “పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట.” పలుకు, పలికించు. ఆ ‘ఇంచు’ ఒక్కటి చాలు ఆయనకు, ప్రేరణ సిద్ధాంతమంతా అందులోనే ఉంది. ‘అట’ అనడంలో ఎంత వినయం! తానే పలికించుకున్నానని అనడు, పలికించేవాడు ఉన్నాడని విన్నట్టు చెబుతాడు. ఆ పద్యం పైకి చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. మన అనువాదకులు కూడా ‘పలికింపబడిరి’ అని ఉంటే?

గ్రీకు విద్యార్థి: అది తప్పయ్యేది. గ్రీకులో పలికినవారు మనుష్యులే, కర్తరి ప్రయోగమే. కర్మణి ఉన్నది ‘ప్రేరేపింపబడిన’ చోట. అక్కడి క్రియ మోయబడడం, తేలిపోవడం. అపొస్తలుల కార్యములు 27లో పౌలు ఎక్కిన ఓడ ‘గాలికి కొట్టుకొనిపోతిమి’ అన్నచోట ఉన్నదీ ఇదే క్రియ. తెరచాప మనిషిది, గాలి దేవుడిది.

ఏలూరు: ఆ ఓడ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నదే మా కాథలిక్కుల ప్రశ్న. మా సంఘపు ట్రెంట్ సభ 1546 ఏప్రిల్ 8న చెప్పినది చాలామంది అనుకునేంత కరుకు కాదు. విశ్వాస, నీతి విషయాలలో సొంత తెలివిని నమ్ముకుని, సంఘం పట్టుకున్న అర్థానికి విరుద్ధంగా లేఖనాన్ని వంచవద్దు అంది. చదవవద్దు అనలేదు. 1965లో రెండవ వాటికన్ సభ, సంఘపు బోధనాధికారం వాక్యానికి పైన కాదు, దానికి సేవకు ఉన్నదని స్పష్టంగా రాసింది. ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుతూ, ఎవడైనా త్రోవ చూపకుంటే ఎలా గ్రహించగలనన్నాడు. అది గర్వం లేని మాట.

సామర్లకోట: త్రోవ చూపిన ఫిలిప్పు తరువాత అతనికి కనబడలేదు. అతడు సంతోషిస్తూ తన దారిన వెళ్లాడు. బెరయ పట్టణపువారు పౌలు చెప్పినదాన్నే ప్రతిదినం లేఖనాలతో పరిశోధించి ‘ఘనులు’ అనిపించుకున్నారు. 1521 ఏప్రిల్ 18న వర్మ్స్ సభలో, పోపును ఎదిరించిన సంస్కర్త లూథరు అడిగినదీ అదే. పోపులూ సభలూ తప్పారు, ఒకరికొకరు విరుద్ధంగా పలికారు, లేఖనంతో గానీ స్పష్టమైన హేతువుతో గానీ నన్ను ఒప్పించండి అన్నాడు. తన ఊహను ఒప్పుకోమనలేదు.

ఏలూరు: బెరయవారు పరిశోధించింది సమాజమందిరంలో, పదిమందితో కలిసి. ఒంటరిగా గదిలో కాదు. సంఘమే “సత్యమునకు స్తంభమును ఆధారమునై యున్నది” అని పౌలు తిమోతికి రాశాడు కదా.

విశ్రాంత పంతులు: ‘స్తంభము’ మీద కూడా నాకొక మాట ఉంది. స్తంభం పైకప్పును మోస్తుంది, పైకప్పును కట్టదు. దాని గురించి వేరే చర్చ పెడతాను. ముందు ‘విప్పుట’ తేలాలి. అరండల్‌పేట గారూ, ఆ బైబిలు ఇంకా ఉందా?

అరండల్‌పేట: ఉందండీ. రాత్రి ట్రంకుపెట్టెలోంచి తీశాను. చీర గుడ్డతో కుట్టిన అట్ట, ముందు పుటలు పోయాయి, ఏ సంవత్సరపు ముద్రణో తెలియదు. 2 పేతురు తెరిస్తే ఆ వరుస మీద చెదపురుగు తొలిచిన సన్నని రంధ్రం ఉంది, సరిగ్గా ఆ మాట మొదటి అక్షరం మీద. ‘ప్పుటవలన’ ఒక్కటే మిగిలింది. పుట వెనక్కి తిప్పి దీపానికి ఎదురుగా పట్టుకున్నాను, అక్షరం పైన వంపు కొస లాంటిదేదో కనబడింది. అది గుడి కొసో, ఎత్వం కొసో చెప్పలేకపోతున్నాను. ‘పుట్టదని’ కింద మాత్రం పెన్సిలుతో రెండు గీతలున్నాయి. పక్కన మరో దస్తూరీతో, సిరాతో, ప్రశ్నార్థకం. అది తాతయ్యదే అనుకుంటాను. పాత ప్రతి ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఆ ఒక్క అక్షరం చూసి చెబుతారా?