ఎరుక కలల సాధన కథకుడికి పనికొస్తుందా? (నలుగురు కలం పేర్లతో చేసుకున్న చర్చ)

తెల్లవారుజాము:

కల కంటున్నామన్న సంగతి ఆ కలలోనే తెలిసిపోతే దాన్ని లూసిడ్ డ్రీమ్ అంటారు. నేను ఇక్కడ ఎరుక కల అని రాస్తాను. ఆ ఇంగ్లీషు మాటను 1913లో ప్రచారంలోకి తెచ్చిన ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ మనోవైద్యుడే కాదు, డచ్చి భాషలో పేరున్న రచయిత కూడా. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రాసేవారు ఇలాంటి కలలు తెచ్చుకునే సాధన మీద పెట్టే కాలమంతా వృథా అని ఇటీవల ఒక మిత్రుడు నాతో వాదించారు. నా అభిప్రాయం అందుకు పూర్తిగా విరుద్ధం. లేని లోకాన్ని నిర్మించవలసిన కథకుడికి, ఆ లోకంలో నిలబడి, దాన్ని తన అదుపులో పెట్టుకుని, చేత్తో తడిమి చూసే అవకాశం ఇంకెక్కడా దొరకదు.

ఇది నమ్మకం మీద నడిచే విషయం కూడా కాదు. 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్ అనే పరిశోధకుడు, నిద్రలో ఉన్న మనిషి ముందుగా అనుకున్న ప్రకారం కళ్ళను ఎడమకూ కుడికీ తిప్పి "నాకు ఎరుక కలిగింది" అని తెలియజేయగలడని యంత్రాల సాయంతో నమోదు చేశారు. ఆ తరువాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబర్జ్ స్వతంత్రంగా అదే నిరూపించారు. 2021లో నాలుగు ప్రయోగశాలలు కలిసి ప్రచురించిన పరిశోధన ఇంకో అడుగు ముందుకు వేసింది. 8లోంచి 6 తీసేస్తే ఎంత అని నిద్రలో ఉన్న వ్యక్తిని అడిగితే, కళ్ళు రెండుసార్లు తిప్పి జవాబు వచ్చింది. అన్ని ప్రయత్నాలూ ఫలించలేదన్నది నిజమే. అయినా తీసివేత లెక్కను కలలోకి మోసుకుపోగలిగిన మనసు, కథకు సంబంధించిన ఒక ప్రశ్నను మోసుకుపోలేదా?

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక కలలో మెట్లు దిగుతున్నాను. దిగేకొద్దీ చీకటి పడవలసింది పోయి వెలుతురు పెరుగుతోంది. గోడ మీద ఏదో రాసి ఉంది. చదివి, చూపు తిప్పి మళ్ళీ చదివితే అక్షరాలు మారిపోయాయి. కలలో ఉన్నానని అప్పుడు తెలిసింది. గోడకు అరచేయి ఆనించాను. రాయి చల్లగా, గరుకుగా ఉంది. కాస్త నొక్కితే పడుకున్న పశువు డొక్కలా మెల్లగా లేచి తగ్గింది. "ఈ మెట్లు ఎవరు కట్టారు?" అని అడిగాను. నా వెనక మెట్టు మీంచి ఒక చిన్నపిల్ల గొంతు, "నువ్వు వచ్చేదాకా ఇవి లేవు" అంది. ఆ మాటే ఒక కథకు మొదటి వాక్యమైంది.

గవాక్షం:

తెల్లవారుజాము గారూ, మీ మెట్ల కల నన్ను కదిలించింది. అయితే అది మీ వాదాన్ని బలపరచడం లేదు. నా వాదాన్ని బలపరుస్తోంది. ఆ పిల్ల చెప్పిన మాటను మీరు తయారు చేయలేదు. మీరు అడిగి ఊరుకున్నారు, జవాబు దానంతట అది వచ్చింది.

కలలోంచి పుట్టిన కథల గురించి మాట్లాడినప్పుడల్లా వినిపించే పేర్లను ఒకసారి దగ్గరగా చూడండి. మేరీ షెల్లీ తన ఫ్రాంకెన్‌స్టైన్‌కు 1831లో రాసిన ముందుమాటలో, ఊహ తాను పిలవకుండానే వచ్చి తనను ఆవహించి నడిపించిందని చెప్పుకున్నారు. ఆమె ఆ ఊహను నడిపించలేదు. స్టీవెన్సన్ 1888 నాటి వ్యాసంలో ఇంకా స్పష్టంగా లెక్క తేల్చారు. ఒకే మనిషి ఇద్దరుగా మారే తన జెకిల్, హైడ్‌ల కథలో కిటికీ దగ్గరి సన్నివేశమూ, తరుముకొస్తున్నవారి ఎదుట హైడ్ పొడి మింగి రూపు మారే సన్నివేశమూ కలలో వచ్చాయి. మిగిలిందంతా మెలకువలో కూర్చుని రాసినదే. వీరిలో ఎవరూ కలను అదుపు చేసినట్టు చెప్పలేదు.

కలకున్న విలువంతా మన అనుమతి అడగకపోవడంలోనే ఉంది. రెమ్ నిద్రలో, అంటే కళ్ళు వేగంగా కదులుతూ కలలు ఎక్కువగా వచ్చే దశలో, మెదడు ముందు భాగంలోని కొన్ని ప్రాంతాలు, అంటే తప్పొప్పులు ఎంచే పనితో సంబంధమున్నవి, బాగా నెమ్మదిస్తాయి. ఎరుక కలిగినప్పుడు వాటిలో మళ్ళీ చురుకు కనిపిస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. రోజంతా రాతబల్ల దగ్గర మన ప్రతి వాక్యాన్నీ కొట్టివేసే విమర్శకుణ్ణి, అతను లేకపోవడమే సంపదగా ఉన్న ఒకే ఒక్క చోటికి మనమే వెంటబెట్టుకుని వెళ్తున్నామన్నమాట. అక్కడికి వెళ్ళి ఏం చేస్తాం? ఎగురుతాం. ఎరుక కలలు అలవాటున్న 301 మందిని అడిగిన 2012 నాటి ఒక సర్వేలో నూటికి ఎనభై మందికి పైగా వాటిని సరదా కోసం వాడుకుంటున్నామన్నారు; కొత్త ఆలోచనల కోసం వాడేవారు మూడో వంతు కూడా లేరు. సరదా తప్పని నేననను. కానీ కోరింది కోరినట్టు జరిగే చోట కథకు కావలసిన ప్రతిఘటన ఉండదు.

మూడో జాము:

ఈ చర్చలో నిద్ర సంగతి ఎవరూ ఎత్తడం లేదు కనుక నేను ఎత్తుతాను. ఈ సాధనలో ఎక్కువమంది పాటించేది, అయిదు గంటల నిద్ర తరువాత లేచి కాసేపు మేలుకుని, "ఈసారి కలలో ఇది కల అని గుర్తుపడతాను" అనుకుంటూ మళ్ళీ పడుకోవడం. రెమ్ నిద్ర తెల్లవారే వేళకు నిడివి పెరుగుతుంది కాబట్టి పద్ధతి సహేతుకమైనదే. కానీ నాలుగు నెలల పాటు వారానికి అయిదు రోజులు అలా లేచిన నాకు పగటిపూట రాత కుంటుపడింది. నిద్రలోంచి సగం లేచి ఒళ్ళు కదపలేని స్థితి మూడుసార్లు వచ్చింది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండే ఆ భయాన్ని తేలికగా తీసుకోవద్దు.

ఇంత కష్టపడనక్కర్లేదని కూడా నా మనవి. 2021లోనే పారిస్ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో, నిద్రలోకి జారే తొలి దశలో కనీసం 15 సెకన్లు గడిపినవారిలో 83 శాతం మంది లెక్కల్లో దాగిన సూత్రాన్ని కనిపెట్టారు. మేలుకునే ఉన్నవారిలో 30 శాతం మందే కనిపెట్టగలిగారు. ఆ దశను దాటి ఇంకా లోతైన నిద్రలోకి జారుకున్నవారికి ఆ లాభం దక్కలేదు. మధ్యాహ్నం కుర్చీలో చేత ఏదైనా వస్తువు పట్టుకుని కునుకు తీయండి. అది జారిపడి మెలకువ వచ్చిన క్షణాన కళ్ళముందున్నది రాసుకోండి.

కథాశేషం:

వింతకూ ఊహాత్మక కథకూ ఉన్న తేడాను మీరు ముగ్గురూ దాటవేస్తున్నారని నాకనిపిస్తోంది. పాఠకుడు ఒక అసంభవాన్ని మన మీద గౌరవంతో ఒప్పుకుంటాడు. ఆ తరువాత ప్రతిదీ దాని నుంచే పుట్టాలని పట్టుబడతాడు. నీడలే లేని లోకమైతే, అక్కడ మధ్యాహ్నం దారినపోయేవాడు ఎక్కడ ఆగుతాడు, గడియారం రాకముందు పొద్దు ఎలా కొలిచారు, దొంగను ఎలా పసిగట్టారు అన్నవన్నీ మనం ఆలోచించి ఉండాలి. కలలో "కాబట్టి" అన్న మాట లేదు, "అంతలో" అన్న మాటే ఉంది. ఒక అసంభవం ఫలితం ఇవ్వకముందే దాని స్థానంలోకి ఇంకొకటి వస్తుంది. ఎరుక ఉన్నా లేకున్నా ఇది మారదు. అందువల్ల కల మనకు బొమ్మను ఇవ్వగలదు గాని కథను ఇవ్వలేదు.

తెల్లవారుజాము:

గవాక్షం గారి మాట ఒప్పుకుంటున్నాను: అదుపు గురించి నేను మొదట రాసింది తొందరపాటు. కలను మన ఇష్టం వచ్చినట్టు నడిపించినప్పుడు వచ్చేవి మనకు ముందే తెలిసిన బొమ్మలు. నేను అలా ఎగిరిన కలల్లో దేనిలోంచీ ఒక్క పేరా రాలేదు. కానీ ఎరుక వేరు, అదుపు వేరు. తెలిసి కూడా చేతులు కట్టుకుని నిలబడవచ్చు. సాధనలో కష్టమైన భాగం అదే.

అలా నిలబడితే ఏం దొరుకుతుందో కథాశేషం గారికి చెప్పాలి. ఒక కలలో నా గదికి తూర్పు గోడ లేదు. అక్కడ సముద్రం ఉంది. గుమ్మం ఎత్తున నీళ్ళు నిలువుగా నిలబడి ఉన్నాయి, లోపలికి రావడం లేదు. నేను కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. పుస్తకాల అట్టలు చెమ్మగిల్లుతాయని దిగులుపడి, వాటిని ఒక్కొక్కటే తీసి మంచం మీద పేర్చడం మొదలుపెట్టాను. నాలుగో పుస్తకం తీస్తుండగా ఎరుక కలిగింది. అప్పుడు ఆ నిలువు సముద్రాన్ని చూసి నివ్వెరపోతున్న నేనూ, చెమ్మ గురించి దిగులుపడుతున్న నేనూ ఒకేసారి ఆ గదిలో ఉన్నాము. మామూలు కలలో మొదటివాడు ఉండడు. మెలకువలో రెండోవాడు మిగలడు. వింత లోకంలో పుట్టి పెరిగిన పాత్ర ఆ వింతను చూసి నోరు తెరవదు, దానివల్ల తడిసే పుస్తకాల గురించి ఆలోచిస్తుంది. మీరు అడిగిన "కాబట్టి" ఆ చెమ్మలో ఉంది. ఈ సంగతిని కథా నిర్మాణం గురించి ఎంత చదివినా నేను ఇంత స్పష్టంగా గ్రహించలేదు.

బృహదారణ్యకోపనిషత్తు కల గురించి చెబుతూ, అక్కడ రథాలు లేవు, గుర్రాలు లేవు, దారులు లేవు, వాటిని అతడే సృజిస్తాడు, అతడే కర్త అంటుంది. కర్త అన్న మాటను మనం గ్రంథకర్తకూ వాడుతున్నాం కదా. కలగనేవాడు ఎలాగూ కర్తే. ఆ పని చేస్తున్నప్పుడు తన చేతులను తాను చూసుకోగలగడమే ఎరుక కల అదనంగా ఇచ్చేది.

మూడో జాము గారూ, మీ హెచ్చరిక న్యాయమైనది. నేను వారానికి ఒక రాత్రికి మించి లేవడం లేదు, అదీ మర్నాడు తొందర పనులు లేనప్పుడే.

గవాక్షం:

చెమ్మ గురించి మీరు రాసినది చదివి, నా వాదంలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగిలిన సగం ఇది: ఎరుకతో చూసిన కల, చూడకముందున్న కలేనా? గోడ మీది అక్షరాలు మీరు రెండోసారి చూడగానే మారిపోయాయి. మీరు గమనించడం మొదలుపెట్టాక ఆ సముద్రం అలాగే నిలిచిందా? ఆ నాలుగో పుస్తకం ఏమైంది?

తెల్లవారుజాము:

పుస్తకం చేతిలోనే ఉంది. సముద్రం మాత్రం నేను గమనించేకొద్దీ పలచబడి, దాని వెనక గోడ సున్నం కనిపించసాగింది. మీ అనుమానంలో నిజముంది.

నా కలల నోటుపుస్తకంలో ఎరుకతో చూసినవి ఎడమ పేజీలో, ఎరుక లేకుండా వచ్చినవి కుడి పేజీలో రాస్తున్నాను. మీ ప్రశ్న చూశాక తిరగేస్తే, ఎడమ పేజీల నిండా స్థలాలున్నాయి: మెట్లు, వంతెనలు, వెలుతురు పడే తీరు, రాయి స్పర్శ. కుడి పేజీల నిండా మనుషులున్నారు, ఏం కోరి వచ్చారో నాకు అంతుపట్టని మనుషులు. ఎరుక కలిగాక కలలోని మనుషులు నాకు తెలియని పని ఒక్కటీ చేయడం లేదు. మెట్ల మీది ఆ పిల్ల ఒక్కతే మినహాయింపు. నిలువు సముద్రాన్ని ఏ పేజీలో రాయాలో ఇంకా తేల్చుకోలేదు. మూడు పుస్తకాలు ఎరుక లేకుండా తీశాను, నాలుగోది ఎరుకతో.